ఆర్‌సీఎం వాళ్ళు ఎందుకు వెళ్ళిపోతున్నారు?

మా గుంటూరు వైపు పల్లెల్లో "మీరు ఆర్‌సీఎమ్మా?" అని అడిగితే ఒకప్పుడు ఒక్క ముక్కలో జవాబొచ్చేది. ఇప్పుడు "మేం ఆర్‌సీఎమ్మే గానీ, మా కోడలు మాత్రం ప్రార్థనకి వేరే చోటికి వెళుతుంది" అంటున్నారు. (ఆర్‌సీఎం అంటే రోమన్ కాథలిక్ మిషన్. మనలో చాలామంది చదువుకున్న బళ్ళ గోడల మీద ఉండే అక్షరాలే.)

ఎందుకు వెళ్ళారని ఫాదర్ గారినడిగితే జ్ఞానోపదేశం సరిగా నేర్చుకోలేదంటారు. పాస్టరు గారినడిగితే వాక్యం తెలుసుకుని విగ్రహాలు వదిలేశారంటారు. బయటివాళ్ళయితే డబ్బులిచ్చుంటారులే అని తేల్చేస్తారు. నాకైతే ఈ మూడూ నమ్మబుద్ధి కాదు. కూలి డబ్బుల్లోంచి దశమభాగం తీసి ఇచ్చేది వెళ్ళినవాళ్ళే, ఇక వాళ్ళకి ముట్టిందేమిటి? అలా వెళ్ళిన మా పిన్నినే అడిగాను. "నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు వాళ్ళు పదకొండు రోజులు ఇంటికొచ్చార్రా" అంది. మరియమాత గురించి గానీ, పోపుగారి గురించి గానీ ఒక్క మాటా అనలేదు.

అసలు మా ప్రాంతంలో మారటం కొత్తేమీ కాదు. 18వ శతాబ్దంలో రాయలసీమ నుంచి వలసొచ్చిన కాథలిక్ రెడ్ల కుటుంబాలు ఇక్కడి ఊళ్ళలో స్థిరపడ్డాయి. 1842లో హయ్యర్ గుంటూరొచ్చి లూథరన్ మిషన్ మొదలెట్టాడు. ఒంగోలులో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, కరువులో బకింగ్‌హాం కాలువ పని ఇప్పించినాయన, 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2222 మందికి బాప్తిస్మాలు ఇప్పించాడు. గుంటూరు కాథలిక్ పీఠం విడిగా ఏర్పడింది 1940లో. అప్పట్లో ఎటు వెళ్ళాలో పెద్దలు నిర్ణయిస్తే పల్లెకి పల్లే వెళ్ళేది. ఇప్పుడు ఒకే ఇంట్లో అత్త గుడికి, కోడలు సంఘానికి. తేడా అదీ.

సరే, పిన్ని చెప్పిన మాట దగ్గరకొద్దాం. ఒక విచారణ గురువు కింద పెద్ద ఊరొకటి, చుట్టూ చిన్న ఊళ్ళు కొన్ని ఉంటాయి. ఆయన ఏళ్ళ తరబడి సెమినరీలో చదివొచ్చిన మనిషి, నాలుగైదేళ్ళకి బదిలీ. ఊరందరి పేర్లూ తెలిసేసరికి వెళ్ళిపోతాడు. చిన్న ఊళ్ళకి పూజ ఎప్పుడో ఒకప్పుడు. పాస్టరేమో అదే వీధిలో ఉంటాడు, పగలు తనూ పొలం వెళతాడు. మిరప కోతల్లో ఆదివారం అని ఎవరూ ఆగరు కదా, అందుకని రాత్రి ఎనిమిదింటికి కూడిక పెడతాడు. కాథలిక్కుల తపస్సుకాలం సరిగ్గా ఆ కోతల మీదే పడుతుంది. శుక్రవారం సిలువమార్గానికి రాలేదని ప్రసంగంలో చీవాట్లు పెడితే కూలికెళ్ళే మనిషి ఏం చెయ్యాలి?

నాకు ఇంతకన్నా పెద్దదనిపించేది సాక్ష్యం. పూజలో జనం చెప్పాల్సిన జవాబులు ముందే రాసున్నాయి. నాకు ఆ పూజ ఇష్టమే, ప్రపంచంలో ఎక్కడికెళ్ళినా అదే వరస. కానీ సంఘంలో పత్తి ఏరే మనిషి లేచి నిలబడి, కొడుకు జ్వరం సంగతో మొగుడి తాగుడు సంగతో తన మాటల్లో అయిదు నిమిషాలు చెబుతుంది. అందరూ వింటారు, చివర్లో స్తోత్రం అంటారు. ఆవిడ మాట అంతసేపు ఊళ్ళో ఇంకెవరు విన్నారు గనక?

ఇది మన దగ్గరే అనుకోకండి. అమెరికాలో కాథలిక్కులుగా పెరిగి ప్రొటెస్టెంట్లయినవాళ్ళని ప్యూ సంస్థ 2009లో అడిగితే, 71 శాతం మంది తమ ఆత్మకి కావలసింది అక్కడ దొరకలేదన్నారు. లాటిన్ అమెరికాలో 2014లో అడిగితే కాథలిక్కులుగా పెరిగినవాళ్ళు 84 శాతం, ఇంకా కాథలిక్కులుగా ఉన్నవాళ్ళు 69 శాతం. మనవాళ్ళు బోలెడంతమంది ఉన్న న్యూజెర్సీలో, ట్రెంటన్ డయాసిస్ అయితే 2011లో, గుడికి రావటం మానేసిన దాదాపు 300 మందిని కూర్చోబెట్టి కారణాలు రాయించుకుంది. మన ఎగ్జిట్ ఇంటర్వ్యూ లాంటిదే. మా వైపు మాత్రం వెళ్ళినవాళ్ళని ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

కులం మాటేమిటంటారా? ఉంది. పూల ఆంథోనీ గారు మొట్టమొదటి దళిత కార్డినల్ అయ్యింది 2022లో. అంత ఆలస్యం ఎందుకయ్యిందో ఎవరికి వాళ్ళు ఆలోచించుకోవచ్చు. కానీ వెళ్ళినచోట కులం పోయిందంటే నేనొప్పుకోను. చాలా సంఘాలు ఒక్క పేటవే, ఒక్క కులానివే. కొన్నిచోట్ల స్థలం పాస్టరు పేరు మీదే ఉంటుంది, ఆయన్ని లెక్క అడగటానికి పైన మేత్రాణి ఉండరు. మందులు మానేసి ప్రార్థన చేయించుకోమనేవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు.

ఇంట్లో అసలు గొడవ మాత్రం రెండో బాప్తిస్మం దగ్గర. ప్రొటెస్టెంటు సంఘంలో తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామాన సరిగ్గా ఇచ్చిన బాప్తిస్మాన్ని కాథలిక్ శ్రీసభ చెల్లుతుందనే అంటుంది. అటువైపు అలా కాదు. పసిపిల్లగా పోసిన నీళ్ళు లెక్కలోకి రావని పిన్నిని కృష్ణలో ముంచారు. ఆ మాటకి మా అమ్మమ్మ ఎంత ఏడ్చిందో! తన చేతులమీద ఎత్తుకుని చేయించిన జ్ఞానస్నానం మరి. పిన్ని బొట్టు తీసేసినప్పుడు కూడా అంత బాధపడలేదు.

పోతే మట్టి ఎక్కడ అన్నది ఇంకో చిక్కు. సమాధుల తోట విచారణది, కొత్త సంఘానికి జానెడు నేల లేదు. ఇప్పటిదాకా ఫాదర్ గార్ల మంచితనం మీద నెట్టుకొస్తున్నారు.

ఫాదర్లని ఊరికొకర్ని ఇమ్మని ఎవరూ అడగటంలేదు, అంతమంది లేరు కూడా. కానీ ఉపదేశి అనే ఆయన ఉండేవాడు. ఊళ్ళోనే ఉండి జపాలు చెప్పించి, జబ్బు చేసిన ఇంటికి ముందు పరిగెత్తేవాడు. ఆయన జీతం మీద శ్రద్ధ తగ్గింది, గుడి ముందు ఆర్చీల మీద పెరిగింది. మా ఊళ్ళో ఈసారి తిరనాళ్ళ చందాకొచ్చినప్పుడు నేనైతే ఉపదేశి జీతానికని రాసే ఇస్తాను.