చదువుకొనుటకు సెలవిండు

దక్షిణ కొరియా జాతీయ అంతర్జాతీయ విద్యాసంస్థ అధ్యక్షులవారికి బహిరంగ లేఖ



విదేశములనుండి ఆంగ్లోపాధ్యాయులను ఎన్నుకొని, వారికి ప్రారంభశిక్షణ మొసగి, దేశమందలి వివిధ ప్రాంతముల పాఠశాలలకు పంపు ఎపిక్ పథకము 1995వ సంవత్సరమున ఆరంభమైనది. 1997లో ఆంగ్లము మూడవ తరగతినుండి ప్రాథమిక పాఠశాలలయందు నియత పాఠ్యవిషయము కాగా ఆ పథకము అవసరము మరింత స్పష్టమైనది. 2010 జనవరి 1వ తేదీన అమలులోనికి వచ్చిన భారత-కొరియా సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందము పుణ్యమా యని, పట్టముతోబాటు ఆంగ్లబోధనకు అర్హతాపత్రము గల భారతీయులకును మీ పాఠశాలల ద్వారములు తెరచుకొన్నవి. ఆ త్రోవను వచ్చిన కొలదిమందిలో నేనొకడను. మీతో చెప్పుకొనవలసిన సంగతిని తెలుగు పత్రికయందు ప్రకటించుట విడ్డూరముగా తోచవచ్చును. కాని గుంటూరునుండియో వరంగల్లునుండియో ఈ కొలువునకు దరఖాస్తు పెట్టదలచిన యువతీయువకులు జీతమును గూర్చి, వసతిని గూర్చి, విమానపు టిక్కెట్టును గూర్చి క్షుణ్ణముగా విచారింతురే గాని, పిల్లలు బడికి రాని నెలలలో తమ గతి యేమని యడుగరు. వారి చెవినికూడ ఈ మాట పడవలెనని ఈ భాషలో వ్రాయుచున్నాను.

నేను పనిచేయు పాఠశాల పేరు చెప్పను. అచ్చటివారెవరును నాయెడ అపచారము చేసినవారు కారు. నా విన్నపము బడి నడచు దినములకు సంబంధించినది కాదు. బడి నడవని దినములకు సంబంధించినది.

జూలై చివర పిల్లలు వేసవి సెలవులకు, మరల సంవత్సరాంతమున శీతకాలపు సెలవులకు ఇండ్లకు పోవుదురు. శీతకాలపు విరామము దీర్ఘమైనది. కొన్ని పాఠశాలలు ఫిబ్రవరిలో కొన్ని దినములు తెరచినను, పై తరగతివారికి పట్టప్రదానోత్సవము ముగిసిన పిమ్మట మార్చి 2వ తేదీవరకు పాఠమన్నది లేదు. ఈ నడుమ ఒకటి రెండు వారములు ఆంగ్ల శిబిరము జరుగును. దానిని నడపుట న్యాయమైన పని, సంతోషకరమైన పని కూడ. సంవత్సరమంతయు తరగతిలో నోరు మెదపని బాలుడు శిబిరమున పులివేషము కట్టి ఆంగ్లమున గర్జించుట చూచినవాడెవడును దానిని బరువనడు. ఒడంబడికలో వ్రాసిన సెలవుదినములును మాకు లభించును. ఈ రెంటిని తీసివేయగా మిగిలిన దినములన్నియు మేము ఉదయమున వేళకు వచ్చి, సంతకము చేసి, ఎనిమిది గంటలు బల్లయెదుట కూర్చుండి పోవలెను. ఇచ్చటి విదేశీయోపాధ్యాయులు తమలో తాము డెస్క్ వార్మింగ్ అని చెప్పుకొను పని యిదియే.

ఆ దినములలో పాఠశాల యెట్లుండునో మీ కార్యాలయమువారు చూచియుండరు. భవనమును వేడిచేయు యంత్రము ఆపివేయబడును. భోజనశాల మూతపడును. క్యోముసిల్ అనబడు ఉపాధ్యాయుల గదిలో వరుసలు తీరిన బల్లలలో ఒక్కదానియొద్ద మాత్రము, కోటు విప్పని మనుష్యుడొకడు, కాళ్ళయొద్ద చిన్న హీటరు పెట్టుకొని, వీధిమొగనున్న దుకాణమునుండి తెచ్చుకొన్న కింబాప్ పొట్లమును ప్రక్కనుంచుకొని, గోడగడియారమువంక చూచుచుండును. ఫోను మ్రోగినచో ఎత్తి మాటాడుటకు వానికి భాష చాలదు. బాలుని తల్లి యెవరైన పనిబడి వచ్చినచో జవాబు చెప్పుటకు అధికారము లేదు. కోత ముగిసిన చేనికి మంచె యెక్కి కావలి కాయుమన్నట్లున్నది ఈ కొలువు. పాఠశాలలన్నియు ఇట్లే యుండునని అనను. వెచ్చని గదియు, మాటాడ మనిషియు దొరకు చోట్లును కలవు. అయినను అచ్చటి వారికిని పని మాత్రము లేదు.

తెలిసియే వ్రాలు చేసితిరి గదా యని మీ రడుగవచ్చును. నిజమే. వారమునకు 40 గంటల హాజరు, అందు 22 గంటల బోధన, సెలవుకాలమునను విధియందుండుట అను నిబంధనలు ఒడంబడికలో విస్పష్టముగా నున్నవి. చట్టము మా పక్షమున లేదు. కనుకనే వ్యాజ్యమునకు దిగక విన్నపము చేయుచున్నాను.

అయితే ఆ గదిలోని తక్కిన బల్లలు ఏల శూన్యముగా నున్నవి? కొరియా ఉపాధ్యాయులు విధిని ఎగవేసి యింట కూర్చున్నారని కాదు. మీ దేశపు విద్యాశాఖా ప్రభుత్వోద్యోగుల చట్టము 41వ అధికరణమున, బోధనకు భంగము కలుగనంతవరకు, సంస్థాధిపతి యనుమతితో, శిక్షణాలయమును పనిచేయు స్థలమును కాక వేరొకచోట ఉపాధ్యాయుడు శిక్షణ పొందవచ్చునని యున్నది. సెలవులకు ముందు వారు తమ చదువు ప్రణాళికను సమర్పింతురు, ప్రధానోపాధ్యాయుడు అనుమతించును, ఒకడు ఇంట, ఒకతె గ్రంథాలయమున, మరియొకరు విశ్వవిద్యాలయపు తరగతిలో ఆ కాలమును గడపుదురు, జీతము ఆగదు. దీనిని ముసుగు వేసిన సెలవని ఆక్షేపించువారు మీ దేశముననే కలరని యెరుగుదును. నేను వారితో ఏకీభవింపను. ఉపాధ్యాయునకు చదువుటయు పనియే యని శాసనములో వ్రాసికొన్న దేశములు విరివిగా లేవు; వ్రాసికొన్న దేశమును మెచ్చుకొనవలెను. విదేశీయోపాధ్యాయుడు ప్రభుత్వోద్యోగి కాక ఒడంబడికపై వచ్చినవాడగుటచే ఆ అధికరణము వానికి వర్తింపదు. చిక్కంతయు ఇందే యున్నది: ఒకే బడి, ఒకే తరగతి, ఒకే సెలవు, జంటగా పాఠము చెప్పిన ఇద్దరిలో ఒకరి చదువుపై ప్రభుత్వమునకు నమ్మకము కలదు, రెండవవాని శరీరము కుర్చీలో నున్నదను సంగతిపై మాత్రమే కలదు.

ఈ నమ్మకము మీకు క్రొత్తది కాదు. 1426లో సెజోంగ్ మహారాజు జిప్‌హ్యోన్‌జోన్ అను పండితసభలోని యువవిద్వాంసులను కొందరిని పిలిచి, మీరు నిత్యవిధులలో మునిగి చదువునకు ఎడమైతిరి, ఇకమీదట కొలువుకూటమునకు రాక ఇంట గ్రంథములు చదువుకొనుడని ఆనతిచ్చెను. సాగా తొక్సో అని మీ చరిత్రకారులు చెప్పు ఆ పఠనావకాశము అట్లు మొదలైనది. ఇంట బంధుమిత్రుల రాకపోకలు ఏకాగ్రతను చెరచునని తోచి, 1442లో ఆ రాజే సిన్ సుక్‌జు, సాంగ్ సామ్‌మున్ మున్నగువారిని రాజధాని శివారు కొండపైనున్న జిన్‌గ్వాన్‌సా అను బౌద్ధవిహారమునకు పంపెను. 1446లో ప్రకటితమైన మీ లిపి విషయమున రాజునకు తోడ్పడిన విద్వాంసులలో ఆ యిరువురును ఉన్నారు. సెలవిచ్చినందుననే లిపి పుట్టినదని చెప్పు సాహసము నేను చేయను. కాని చదువుకొను పండితుని కొలువుకూటమున కూర్చుండబెట్టి తలలు లెక్కించుట రాచరికమున కేమియు ఒరగబెట్టదని ఆ మహారాజు గ్రహించెను. 41వ అధికరణము ఆ వంశమున పుట్టినదే యని నా యభిప్రాయము.

మీ అధికారులు చెప్పు సమాధానములలో మొదటిది, ఆ గంటలలో రాబోవు పాఠములు సిద్ధము చేసికొనవచ్చును గదా యనుట. వేసవి విషయమున ఇది కొంత నిజము. ఆగష్టులో తిరిగివచ్చు పిల్లలు జూలైలో వెళ్ళిన పిల్లలే. శీతకాలమున ఇది నిలువదు. కొరియా ప్రభుత్వ పాఠశాలలయందు ఉపాధ్యాయులు కొన్నియేండ్ల కొకమారు బదిలీ యగుదురు. ఎవరు ఎచ్చటికి పోవుదురో, ఎవరికి ఏ తరగతి వచ్చునో ఫిబ్రవరిలోగాని తేలదు. జనవరిలో నాకు రాబోవు సహోపాధ్యాయుడెవరో తెలియదు, తరగతి యేదో తెలియదు, కొన్నిచోట్ల పాఠ్యపుస్తకము సైతము మారును. ఎవరికి, ఎవరితో కలిసి, ఏ పుస్తకము చెప్పవలెనో తెలియనివాడు సిద్ధము చేసికొను పాఠము మార్చి మొదటి వారముననే చెత్తబుట్ట పాలగుచున్నది.

రెండవ సమాధానము, జీతమిచ్చు దినములకు హాజరు కోరుట ధర్మమే యనుట. హాజరు అవసరమైనచో తప్పక కోరుడు. మా తెలుగునాట ఉపాధ్యాయవృత్తి సెలవుల శాఖగా పరిగణింపబడును. వేసవి సెలవులు అనుభవించుచుండుటచే ఉపాధ్యాయునకు తక్కిన యుద్యోగులకన్న ఆర్జిత సెలవు తక్కువగా నిత్తురు. అదే వేసవిలో జనాభా లెక్కలకో ఎన్నికల విధులకో పిలిచినచో, కోల్పోయిన సెలవునకు ప్రతిగా కొంత ఆర్జిత సెలవు వాని ఖాతాలో జమకట్టుదురు. ఆ ఉత్తర్వు చేతికి వచ్చులోపల ఎన్ని బల్లలచుట్టు తిరుగవలెనో అది వేరు కథ. అయినను పనియుండి పిలుచుట, పిలిచినందుకు ప్రతిఫలమిచ్చుట అను రెండు ముక్కలలో న్యాయమున్నది. మీరు పనిలేక పిలుచుచున్నారు. జపానులో 1987లో ఆరంభమైన, ఇట్టిదే యగు జెట్ పథకమునందును ఈ ఫిర్యాదు వినబడును గాని, అచ్చటి స్వదేశీయోపాధ్యాయులు సైతము వేసవిలో క్రీడాసంఘముల పనిపై బడికి వచ్చుచుందురు గనుక దానికి ఇంతటి బలము లేదు.

ఇంటనుండి పనిచేయుట మీ విద్యాశాఖకు అసాధ్యమనుటకును వీలులేదు. మహమ్మారి కాలమున, 2020 ఏప్రిల్ 9 నుండి తరగతుల వరుసను దేశమంతట బడులను అంతర్జాలమున తెరచి, బోధనయే దూరమునుండి సాగింపగలమని మీరు లోకమునకు చూపితిరి. బోధన సాగినపుడు, బోధన లేని దినమున చదువు సాగదా?

కొందరు ప్రధానోపాధ్యాయులు దయార్ద్రహృదయులై, మధ్యాహ్నమున ఇంటికి పొమ్మని నోటిమాటగా చెప్పుదురు. ప్రక్క ఊరి ప్రధానోపాధ్యాయుడు, నియమములో లేనిదానిని నేనెట్లు అనుమతింతునని బెదరును. వీరిలో తప్పుబట్టవలసినవాడు ఎవడును లేడు. రెండవవాని భయము మొదటివాని దయకన్న సహేతుకము కూడ, ఏలయన త్రోవలో ఏ ప్రమాదమో సంభవించినచో ఆ నోటిమాట ఉపాధ్యాయునిగాని అనుమతించినవానినిగాని కాపాడదు. ఒకే నమూనా ఒడంబడికపై వ్రాలు చేసినవారికి రెండు బడులలో రెండు జీవితములు ఏర్పడుట మాత్రము ఏ పరిపాలనకును వన్నె తెచ్చునది కాదు.

కనుక నా కోరిక చిన్నది. ఒడంబడికలపై వ్రాలు చేయునవి ప్రాంతీయ విద్యా కార్యాలయములని నే నెరుగుదును. కాని పథకమును నడపునది, ఆ కార్యాలయములకు సలహా చెప్పగలిగినది మీ సంస్థ. 41వ అధికరణమునకు సాటియగు నిబంధన నొకదానిని నమూనా ఒడంబడికలో చేర్పుడు: శిబిరము లేని, స్వంత సెలవు కాని దినములలో, ప్రధానోపాధ్యాయునకు ముందుగా ప్రణాళిక సమర్పించి వ్రాతమూలకముగా అనుమతి పొందిన విదేశీయోపాధ్యాయుడు బడి వెలుపల చదువుకొనవచ్చుననియు, బడి తెరచినపుడు తాను చదివినదానికి లెక్క చెప్పవలెననియు అందుండవలెను. దేశము విడిచి పోరాదని కట్టడి చేయదలచినచో చేయుడు; అవసరమైన దినమున పిలిచినచో రావలెనని వ్రాయుడు; మేము కాదనము.

ఏమి చదువవలెనను ప్రశ్నకు మీ సంస్థయందే జవాబున్నది. కొరియా భాషాప్రావీణ్యపరీక్షయగు టోపిక్‌ను నిర్వహించువారు మీరే. మా బల్లలయొద్ద వ్యర్థమగుచున్న గంటలను విశ్వవిద్యాలయపు భాషాతరగతులకు మరల్చినచో, వచ్చు సంవత్సరము ఫోను మ్రోగినపుడు ఎత్తి మాటాడగలవాడు, తల్లి వచ్చినపుడు బిడ్డ సంగతి ఆమె భాషలో చెప్పగలవాడు ప్రతి బడిలోను ఒకడుండును. ఇందువలన మీకు అదనముగా వ్యయమగునది ఏమియు లేదు. ఆ గంటలకు మీరు జీతము చెల్లించుచునే యున్నారు.

క్రొత్త విద్యాసంవత్సరము మార్చిలో ఆరంభమగును. ఆ సంవత్సరపు నమూనా ఒడంబడిక అచ్చునకు పోకముందే ఈ నిబంధనను పరిశీలింప ప్రార్థించుచున్నాను. ఈలోగా ఇచ్చటికి రాదలచిన తెలుగు ఉపాధ్యాయులు వ్రాలు చేయుటకు ముందు సెలవుకాలపు హాజరును గూర్చిన పేరా చదివి, దానిపై అడుగవలసిన ప్రశ్నలు అడిగి, జవాబును వ్రాతమూలకముగా తీసికొందురుగాక.

ఇట్లు,
మీ పాఠశాలలలో పనిచేయుచున్న ఒక తెలుగు ఆంగ్లోపాధ్యాయుడు