తాళం చుట్టూ కట్టిన వార్డులు

మే నెల రాయచూరులో ఫ్యాను లేని గదిలో మనిషిని పడుకోబెట్టడమంటే శిక్ష వేసినట్టే. అక్కడే మానసిక వైద్య వార్డు కట్టాలంటే ఇంజనీరును ముందుగా తికమకపెట్టేదీ ఆ ఫ్యానే. చేతికందే ఎత్తులో ఉంటే ప్రమాదం, తీసేస్తే వార్డు కొలిమి. అందుకని కప్పు ఎత్తు పెంచాలి. వేడిగాలి పోవడానికి పైన వెంటిలేటర్లు పెట్టాలి. పడమటి గోడకు ఎండ తగలకుండా వరండా దించాలి. ఇంత ఆలోచించే ఓపిక లేనివాళ్లకు సులువైన దారి ఒకటుంది: కిటికీకి గ్రిల్లు, తలుపుకు తాళం. మన సర్కారు భవనాలు చాలావరకు ఆ దారే పట్టాయి.

రాయచూరు పేరే ఎత్తడానికి కారణముంది. ఒకప్పుడు ఆ ప్రాంతంలో ఎవరికైనా మనసు చెదిరితే రైలో బస్సో ఎక్కించి ధార్వాడకో, బెంగళూరుకో, హైదరాబాదుకో తీసుకుపోవాల్సిందే. 1980ల్లో బెంగళూరు నిమ్హాన్స్ వైద్యులు పొరుగునున్న బళ్లారి జిల్లాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు శిక్షణ ఇచ్చి, ఈ వైద్యాన్ని ఊళ్ల దాకా తెచ్చి చూపించారు. 1996లో దేశంలో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి అదే నమూనా. జిల్లా స్థాయిలో పది పడకల వార్డు ఉండాలన్నది అందులో భాగం. తర్వాత కర్ణాటక ప్రభుత్వం మంగళవారాల్లో తాలూకా ఆసుపత్రులకు మనోవైద్యులను పంపే ‘మనోచైతన్య’ పథకం తెచ్చింది. తుంగభద్ర కాలువ నీళ్లను నమ్ముకుని కోస్తా నుంచి వలసవచ్చి, సింధనూరు చుట్టుపక్కల క్యాంపుల్లో స్థిరపడిన తెలుగు రైతు కుటుంబాలకైనా, పక్క ఊరి కన్నడ కూలి కుటుంబానికైనా ఇది చిన్న మేలు కాదు.

వైద్యం దగ్గరికొచ్చింది గానీ భవనానికి పాత బుద్ధి పోలేదు. ఆ బుద్ధి జైలుది. వియన్నాలో 1784లో కట్టిన మతిచెదిరినవాళ్ల ఆసుపత్రి ఐదంతస్తుల గుండ్రటి బురుజు, నిండా చిన్న చిన్న కొట్లు. నిజాం రాజ్యంలో పిచ్చాసుపత్రి మొదలైందే జైలు ఆవరణలో. అక్కణ్నుంచి జాల్నాకు, 1953లో ఎర్రగడ్డకు మారింది. రాయచూరు అప్పటికింకా హైదరాబాదు రాష్ట్రంలోనే ఉంది. తాళమే భద్రత అన్న నమ్మకం ఎంత దారుణమో 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడి చూపించింది. పాకలో నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది కదల్లేక కాలిపోయారు. 2018లో అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులను పూర్తిగా నిషేధించింది. శుభ్రమైన పరిసరాలు, మరుగు, కాలక్షేపానికి చోటు రోగి హక్కులని రాసింది. ఆ హక్కులు రోగికి నిజంగా అందేదీ లేనిదీ సగం భవనం ప్లానులోనే తేలిపోతుంది.

ప్లాను ఎవరి కళ్లతో గీయాలి? కెనడాలోని సస్కాచెవాన్‌లో 1950ల్లో కియోషి ఇజుమి అనే ఆర్కిటెక్టుకు ఈ ప్రశ్నే ఎదురైంది. మనోవైద్యుడు హంఫ్రీ ఆస్మండ్ సహకారంతో, అప్పట్లో పరిశోధనల్లో వాడుతున్న ఎల్‌ఎస్‌డీ తీసుకుని ఆయన పాత ఆసుపత్రులను చూశాడు. నున్నటి టైళ్ల తళతళ భయపెట్టింది. తలుపుల్లేని అలమరలు చీకటి గుహల్లా కనిపించాయి. మంచాలు ఎంత ఎత్తంటే, అంచున కూర్చుంటే కాళ్లు నేలకానవు. గోడ మీద గడియారం లేదు, క్యాలెండరు లేదు. ఊడ్చి తుడిచి మెరిపించిన వార్డే రోగికి నరకమని అలా తెలిసొచ్చింది. ఆ ఎరుకతోనే ఆయన యార్క్‌టన్ మనోవైద్య కేంద్రానికి రూపమిచ్చాడు. మన ఇంజనీర్లు మందులు మింగక్కర్లేదు. ఆ మంచం అంచున ఒకసారి కూర్చుని కాళ్లు నేలకానుతున్నాయో లేదో చూసుకుంటే చాలు.

మన దగ్గర ఇంకో సంగతి కూడా ఉంది. రోగి ఒంటరిగా రాడు. తల్లో, భార్యో, అన్నో వెంట ఉంటారు. అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ 1950ల్లో ఆవరణలోనే గుడారాలు వేయించి కుటుంబాలను రోగుల దగ్గర ఉండనిచ్చాడు. వెల్లూరు సీఎంసీ కూడా ఆ దశకంలోనే కుటుంబంతో కలిపి చేర్చుకునే పద్ధతి పట్టింది. ఇది ప్రపంచానికి మనం నేర్పిన పాఠం. అయినా మన ప్లానుల్లో పడకల లెక్క ఉంటుంది, వెంట వచ్చినవాళ్ల లెక్క ఉండదు. ఆ తల్లి మంచాల సందున చాప పరుచుకుంటుంది, టిఫిన్ క్యారియర్ మంచం కిందకు తోస్తుంది, చీర ఆరేయడానికి చోటు లేక కిటికీ గ్రిల్లుకు కడుతుంది. నాలుగు రోజులు పోయాక, ఇంటికి తీసుకుపోతాం, పేరు కొట్టేయండని బతిమాలుతుంది. వైద్యం మధ్యలో ఆగిపోయిందని మనం ఆమెను తప్పుపడతాం.

రాత్రి డ్యూటీకి ఒక్క నర్సే ఉన్నప్పుడు తలుపులు తెరిచి ఉంచమంటే ఎలా అని డాక్టర్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. నర్సు కూర్చున్న చోటు నుంచి వార్డూ వాకిలీ రెండూ కనిపించేలా గీయడమే దానికి జవాబు. నడిమధ్య వాకిలి, చుట్టూ వరండా, వరండా వెంట గదులు: పాత దక్కను ఇళ్ల పద్ధతే ఇది. నాలుగు వైపులా భవనమే గోడ కాబట్టి, ఆకాశం కింద తిరుగుతున్నా మనిషి బయటికి పోలేడు. వాకిట్లో వేపచెట్టు, వంటకూ బట్టలకూ ఓ మూల, వెంట వచ్చినవాళ్లకు పడక పక్కనే అరుగు. ఖర్చు కొంత పెరుగుతుంది, నిజమే. కానీ స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో విడి గదులు, తోటలతో కొత్త మనోవైద్య భవనం కట్టాక రోగులను బలవంతంగా కట్టేయాల్సిన సందర్భాలు బాగా తగ్గాయని రోజర్ ఉల్రిక్ బృందం 2018లో చూపించింది. కట్టేసే పని తగ్గితే ఆ ఒక్క నర్సుకే మేలు.

కాబట్టి కోరేది ఒక్కటే. జిల్లాల్లో మనోవైద్య వార్డుకు టెండరు పిలిచే ముందు, ప్లాను మీద సంతకం పెట్టే ఇంజనీరు ఇప్పటికే ఉన్న వార్డులో ఒక రాత్రి పడుకోవాలి, మంచం మీద కాదు, మంచాల సందున చాప మీద. పొద్దున్నే ఆ తల్లులను ఏం కావాలో అడిగి, వాళ్లు చెప్పిందాన్ని ఎస్టిమేటులో మొదటి పద్దుగా రాయాలి. ఏ టెండరు నిబంధనా దీనికి అడ్డం రాదు.

– కొలబద్ద