నాలుగు బొమ్మలు చాలవు

గొంగళిపురుగు సీతాకోకచిలుక యగునని యెరుగని విద్యార్థి మన పాఠశాలలో లేడు. గ్రుడ్డు, గొంగళి, ప్యూపా, చిలుక అని నాలుగు బొమ్మలు గీసి, వానిని బాణపుగుర్తులతో కలిపినచో పరీక్షలో మార్కులు వచ్చును. అంతటితో పాఠము ముగియును. ఆ బొమ్మలు తప్పు కావు గాని, యవి చాలవని మా యభిప్రాయము. మూడవ బొమ్మలో జరుగు ముఖ్యకార్యము విద్యార్థికి తెలియకుండనే పోవుచున్నది. ఆ కార్యము మరణము.

గొంగళికి రెక్కలు మొలచుటయే రూపవిక్రియ యని పలువురు తలంతురు. నిజమునకు గొంగళి దేహమందలి పెక్కు భాగములు చిలుకకు పనికిరావు. వానియందలి జీవకణములు ఒక క్రమమున మరణించును. వాని పదార్థము క్రొత్త యవయవముల నిర్మాణమునకు వినియోగపడును. హిందూపురము ప్రాంతమున రైతులు మల్బరీ ఆకు పెట్టి పెంచు పట్టుపురుగును జూడుడు. దాని దేహమున రెండు పొడవైన పట్టుగ్రంథులు కలవు. కాయ కట్టునపుడు అవి వందలకొలది మీటర్ల దారము నిచ్చును. ఆ పని తీరిన పిమ్మట, పురుగు ప్యూపా యగు సమయమున, ఆ గ్రంథులలోని కణములు తమ్ము దామే విచ్ఛిన్నము గావించుకొని నశించును. అది రోగము కాదు, గాయము కాదు. దేహము చేయు పనులలో నొక పని.

ఈ యాజ్ఞ యెవరిది? పోలెండు దేశస్థుడగు స్టెఫాన్ కొపెచ్ గొంగళుల మెదడును తీసివైచి పరీక్షించి, రూపవిక్రియకు మెదడునుండి వెలువడు నొక పదార్థము కారణమని 1917, 1922 సంవత్సరములలో ప్రకటించెను. రొమ్ముభాగమందలి గ్రంథికి గల పాత్రను జపానులో ఫుకుదా 1940లో పట్టుపురుగునందు చూపెను. 1954లో జర్మనీ శాస్త్రజ్ఞులు బూటెనాంట్, కార్ల్‌సన్ అనువారు 500 కిలోల పట్టుపురుగు ప్యూపాలనుండి కేవలము 25 మిల్లీగ్రాముల శుద్ధపదార్థమును తీసిరి. అదియే ఎక్డైసోను అను హార్మోను.

దీనికి తోడు బాల్యహార్మోను మరియొకటి కలదు. ఇంగ్లండులో విగిల్స్‌వర్త్ 1934 మొదలు చేసిన పరిశోధనలవలన దాని సంగతి తెలియవచ్చెను. అది నిండుగ నున్నంతకాలము ఎక్డైసోను వచ్చినను గొంగళి కుబుసము విడిచి పెద్ద గొంగళి యగునే గాని ప్యూపా కాదు. అది తగ్గిన పిమ్మట వచ్చు ఎక్డైసోనే రూపవిక్రియకు దారితీయును.

ఇంకొక వింత గలదు. చిమ్మట ప్యూపాకవచమునుండి వెలువడుటకు పొట్టలోని కొన్ని కండరములు తోడ్పడును. వెలువడిన కొలదికాలమునకే యవి నశించును. 1960 తరువాతి దశాబ్దమున అమెరికాలో లాక్షిన్, విలియమ్స్ అనువారు పట్టుచిమ్మటలయందు దీనిని పరిశీలించి, పూర్వనిర్దిష్ట కణమరణమని పేరిడిరి. పట్టుగ్రంథి మరణమునకు ఎక్డైసోను హెచ్చుట కారణము కాగా, ఈ కండరముల మరణమునకు అది తగ్గుటయే సూచనయని పిమ్మట తేలెను. కాబట్టి హార్మోను విషము కాదు, అది వార్త. బడిగంట యొకటే, దానిని విని యొక తరగతి పుస్తకములు మూయును, మరియొక తరగతి తెరచును.

చిన్నపిల్లలకు మరణమును గూర్చి చెప్పనేల యని తల్లిదండ్రులు కొందరడుగవచ్చును. మన కాలువలలోని తోకకప్ప తోక పోవుటను పిల్లలు చూచుచునే యున్నారు. అదియు థైరాయిడ్ హార్మోను నడుపు కణమరణమే. తల్లిగర్భమున మన చేతివ్రేళ్లు విడివడుటకును వాని నడుమనున్న కణములు చచ్చుటయే కారణము. చావవలసిన కణములు చావక పెరుగుట క్యాన్సరు వ్యాధి లక్షణములలో నొకటి. ఇంతటి విషయమును బాణపుగుర్తు వెనుక దాచుట విద్య కాజాలదు.

ఇది పరీక్షలో వచ్చునా యని విద్యార్థు లడుగుదురు. రాకపోవచ్చును. కాని ముక్తేశ్వరములో దీనిని నేర్చుటకు ప్రయోగశాల యవసరము లేదు. పెరటి నిమ్మచెట్టుమీద, కరివేపచెట్టుమీద నుండు గొంగళిని జూడుడు. చిన్ననాడు అది పక్షిరెట్టవలె నుండి, కడపటి దశలో ఆకుపచ్చ నగును. దానికి దగ్గరి బంధువగు జపానుదేశపు సీతాకోకచిలుకయందు ఈ రంగుమార్పునకు బాల్యహార్మోను తగ్గుటయే కారణమని 2008లో ఋజువయ్యెను.

తరగతి కొక గాజుసీసా, పైన పలుచని గుడ్డ, దినమున కొక లేత కొమ్మ చాలును. ఏ తేదీన కుబుసము విడిచెను, ఏ తేదీన మేత మానెను, ఏ తేదీన చిలుక వెలువడెను అని పిల్లలే వ్రాసికొనవలెను. ఉపాధ్యాయులు ఇందుకు వారమున కొక గంట విడువవలెను. తల్లిదండ్రులు నాలుగు కరివేపాకు రెబ్బలు పోయినవని పిల్లలను కోపింపరాదు. పిమ్మట ఆ నాలుగు బొమ్మలను గీయుమనుడు. అపుడు మూడవ బొమ్మయొద్ద పిల్లవాడు ఆగి, లోపల నేమి పోయెను, ఏమి మిగిలెను అని తప్పక అడుగును. ఆ ప్రశ్న వచ్చిననాడే పాఠము నేర్పినట్లు.