గోడ లోపలి సెలవులు

ఏప్రిల్ వచ్చిందంటే ఆదివారం అనుబంధాలకి ఒకటే బెంగ. ఎదిగిన పిల్లలతో సెలవులకి ఎక్కడికి వెళ్లాలి? పదహారు, పదిహేడు, పద్దెనిమిదేళ్ల పిల్లలు. వాళ్లకి బోరు కొట్టకూడదు. వాళ్ల చేతిలోంచి ఫోను కాసేపు కింద పడాలి. అమ్మానాన్నలతో కూర్చుని నవ్వాలి. జవాబు కూడా సిద్ధంగానే ఉంటుంది: రింగు రోడ్డు అవతల నీళ్ల జారుడుబల్లలున్న పార్కు, కాదంటే రిసార్టు. వ్యాసం చివర అమ్మల కోసం బాక్సు కట్టి కొన్ని సూచనలు వేస్తారు. మందులు సర్దుకోండి, చిరుతిళ్లు సర్దుకోండి, అందరి చార్జర్లూ గుర్తుపెట్టుకోండి అని. నాన్నలకి ఏ సూచనా ఉండదు. ఆయన కారు నడుపుతాడు కాబట్టి కాబోలు!

ఈ పార్కుల మీద నా కోపం టిక్కెట్టు ఖరీదు గురించి కాదు. ఎదిగిన ఆడపిల్లలున్న ఇళ్లకి ఆ పార్కులు ఎందుకంత నచ్చుతాయన్నదే నా ప్రశ్న. వాటికి గోడ ఉంది. గేటు ఉంది, బ్యాగు తనిఖీ ఉంది, చేతికి కట్టే కాగితం పట్టీ ఉంది. లోపల అరవచ్చు, తడవచ్చు, జుట్టు విరబోసుకుని పరిగెత్తవచ్చు. సాయంత్రం ఆరింటికి గేటు దాటగానే చున్నీ వెతుక్కోవాలి. స్వేచ్ఛ గోడ లోపల ఉంటుందనీ, నాన్న టిక్కెట్టు కొన్నంతసేపే ఉంటుందనీ ఆ ఒక్క రోజులో మన పిల్లకి చక్కగా బోధపడుతుంది. ఊరిని చూపించకుండా ఊరికి దూరంగా దాచడాన్ని మనం విహారయాత్ర అంటున్నాం.

నేను మహిళా డిగ్రీ కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్తాను. కొత్త బ్యాచి రాగానే సెలవుల్లో ఏం చేశారని అడగడం నాకు అలవాటు. ఎక్కువమంది నుంచి వచ్చే జవాబు ఒక్కటే. "ఇంట్లోనే మేడమ్." కొందరు అమ్మకి సాయం చేశామంటారు. కొందరు పెళ్లిళ్లకి వెళ్లామంటారు. అన్నయ్యలూ తమ్ముళ్లూ ఏం చేశారని అడిగితే మాత్రం కథలు మొదలవుతాయి. ఒకరి అన్నయ్య స్నేహితులతో గోవా వెళ్లాడు. ఇంకొకరి తమ్ముడు బండి మీద శ్రీశైలం వెళ్లొచ్చాడు, ఘాట్ రోడ్డులో పడ్డాడు, మోకాలు చీరుకుంది, మళ్లీ వెళ్తానంటున్నాడు. పడే హక్కు, దెబ్బ తగిలించుకునే హక్కు, మళ్లీ వెళ్తాననే హక్కు మగపిల్లలకి ఎవరూ రాసివ్వనక్కర్లేదు. ఆడపిల్లకి ఊరు చూడాలంటే కుటుంబం కావాలి. కుటుంబానికి తీరిక కావాలి. ఆ తీరిక నాన్నకి దొరకాలి.

ఇంటర్ పిల్లల సెలవుల సంగతి వేరే చెప్పాలా? వేసవిలో తరగతులు పెట్టకూడదని ఇంటర్ బోర్డు ఆదేశాలిస్తూ ఉంటుంది. కార్పొరేట్ కాలేజీలు వాటికి "ఓరియెంటేషన్" అనో ఇంకేదో అనో పేరు మార్చి నడుపుతూనే ఉంటాయి. ఎంట్రెన్సులు మే నెలని మింగేస్తాయి. మిగిలిన నాలుగు రోజుల్లో కుటుంబం అంతా కలిసి చేసేది మొక్కు తీర్చుకోవడం. తిరుమల, శ్రీశైలం, షిరిడీ. భక్తి మీద నాకు పేచీ లేదు. కానీ ఆ ప్రయాణానికి ముందు ఇంట్లో గుసగుసగా జరిగే లెక్క మీద ఉంది. పిల్ల తేదీ ఎప్పుడు, తల్లి తేదీ ఎప్పుడు. తేదీలు కుదరకపోతే మెడికల్ షాపు నుంచి బహిష్టుని వాయిదా వేసే మాత్రలొస్తాయి. డాక్టరుని అడిగేవాళ్లెంతమంది? పదిహేడేళ్ల పిల్ల శరీరాన్ని గది బుకింగు తేదీకి సరిపోయేలా సర్ది, దాన్ని కుటుంబ సంతోషం అని పిలవడానికి మనకి నోరెలా వస్తోంది?

ఇక ఆ సంతోషానికి చాకిరీ చేసేదెవరు? 2024 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకి దాని మీద సగటున 289 నిమిషాలు పెడుతుంటే, ఆ పని చేసే మగవాళ్లు పెడుతున్నది 88 నిమిషాలు. దాదాపు అయిదు గంటలు ఒకవైపు, గంటన్నర కూడా నిండనిది ఇంకోవైపు. సెలవుల్లో ఈ తేడా చెరుగుతుందని ఎవరైనా అనుకుంటే వాళ్లు ఏ స్లీపర్ బోగీలోనైనా కాసేపు నిలబడి చూడాలి. పులిహోర గిన్నె విప్పేదెవరు, పేపరు ప్లేట్లు అందించేదెవరు, ఎంగిలి కవర్లు ఏరేదెవరు? ఈ మధ్య "వంటగది ఉన్న కాటేజీ, ఇంటి భోజనం మిస్ కారు" అని ప్రకటనలొస్తున్నాయి. ఇల్లు వదిలి నాలుగొందల కిలోమీటర్లు వెళ్లి మళ్లీ కుక్కరు విజిల్స్ లెక్కపెట్టడానికి డబ్బు కూడా మనమే కట్టాలన్నమాట!

మరి ఏం చెయ్యాలంటావు అని మా వదిన అడుగుతుంది. చిన్నపిల్లలకైతే మనం చూపించాలి, పెద్దపిల్లలకి అప్పగించాలి. నేననేది అంతే. పదహారు దాటిన పిల్లలున్న ఇంట్లో ప్రయాణం వాళ్ల చేతిలో ఉండాలి. మామూలుగా పంచే పద్ధతిలో కాకుండా తిరగేసి పంచాలి. దారీ, డబ్బూ ఆడపిల్లకి. తిండీ, బట్టలూ, మందుల సంచీ మగపిల్లాడికి.

మా ఇంట్లో పాప ఇంటర్ పూర్తిచేసి పద్దెనిమిదిలో పడిన ఏడు, బాబుకి పదహారు నిండాయి. వాడి కాలేజీతో దెబ్బలాడి మూడు రోజులు తెచ్చుకున్నాం. హైదరాబాదు నుంచి నాగార్జునసాగర్ దాదాపు 150 కిలోమీటర్లు. కారు వద్దు, బస్సు అంది పాప. డబ్బంతా తన బ్యాగులో, లెక్కల పుస్తకం తన చేతిలో. ఆ పుస్తకంలో మొదటి పేజీలో మా ఇంట్లో పనిచేసే ఆమెకి ఆ మూడు రోజుల జీతం కొయ్యకూడదని రాసుకుంది. మనం ఊరెళ్లిన రోజులకి ఆమెకి డబ్బు కోసే ఇళ్లు మా అపార్టుమెంటులోనే ఉన్నాయి, వాళ్లలో స్త్రీల సమస్యల మీద కథలు రాసేవాళ్లూ ఉన్నారు. బాబు తెల్లవారుజామున లేచి కలిపిన పెరుగన్నం ఏప్రిల్ ఎండకి మధ్యాహ్నానికి పులిసింది. ఎవరూ చావలేదు. అరటిపళ్లు తిన్నాం. వాళ్ల నాన్న మూడుసార్లు "నేను కనుక్కోనా" అన్నాడు, మూడుసార్లూ వద్దనిపించుకుని ఊరుకున్నాడు. లాడ్జీలో కౌంటరు దగ్గరున్నతను పాప ఆధార్ కార్డు పక్కన పెట్టి "సార్‌ని పిలవమ్మా" అన్నాడు. గది తీసుకుంటున్నది తనేనని పాప రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఏ పార్కులోనూ దొరకని పాఠం అది. ఎలాగూ ఎదురయ్యేదే, పక్కన మేమున్నప్పుడే ఎదురవడం మేలు కదా.

విజయపురి సౌత్ నుంచి లాంచీలో సుమారు గంట వెళ్తే నాగార్జునకొండ. 1955లో డ్యాముకి శంకుస్థాపన జరిగింది. లోయ మునిగిపోతుందని తెలిసి 1954 నుంచి 1960 వరకు తవ్వకాలు జరిపి, దొరికినవాటిని కొండ మీదికీ, గట్టు మీద అనుపుకీ చేర్చారు. ఇప్పుడు దీవిలా కనిపించేది ఆ కొండ పైభాగం. లాంచీ కింద ఒక నగరం ఉందనీ, ఆ నగరం మీద నిన్నమొన్నటి ఊళ్లు కూడా ఉండేవనీ, వాటిలోని మనుషులు ఇళ్లు వదిలి వెళ్లారనీ చెప్తే ఫోను చూసుకుంటున్న మావాడు నీళ్లవైపు చూశాడు. నేను చెప్పింది అంతవరకే. మ్యూజియంలో మాత్రం పాపే నన్ను నిలేసింది.

అక్కడి కథ మన పాఠకుల్లో చాలామందికి తెలిసే ఉంటుంది. మూడో శతాబ్దపు ఇక్ష్వాకు రాజు చాంతమూలుడు అశ్వమేధం, వాజపేయం లాంటి యాగాలు చేసినవాడని శాసనాలు చెప్తాయి. అదే ఇంట్లో అతని చెల్లెలు చాంతిసిరి బౌద్ధానికి దానాలు చేసింది. మేనల్లుడు వీరపురుషదత్తుడి ఆరో పాలనా సంవత్సరంలో మహాచైత్యం పూర్తయింది ఆమె పూనికతోనే. ఆ స్తంభాల మీద ప్రాకృతంలో చెక్కిన దాతల పేర్లలో రాజకుటుంబపు ఆడవాళ్లు వరసగా కనిపిస్తారు. రాజకుటుంబానికి చెందని ఉపాసిక బోధిసిరి సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించి ఆ సంగతి శాసనంలో రాయించుకుంది. "మగవాళ్లు యాగాలు చేస్తుంటే వీళ్ల చేతిలోకి అంత డబ్బెలా వచ్చింది?" అని పాప అడిగింది. ఇన్నేళ్ల నా పాఠాల్లో ఏ విద్యార్థినీ నన్ను అడగని ప్రశ్న. ఉదయం నుంచి తన చేతిలో డబ్బుంది కాబట్టే ఆ ప్రశ్న వచ్చిందని నా నమ్మకం. చాంతిసిరిని స్త్రీవాదిని చెయ్యాలని నాకేమీ లేదు. ఆమె పేరు కూడా అన్నతో, భర్తతో, అల్లుడితో ముడిపడే ఉంది, ఆమెది పాలకవర్గపు డబ్బే. ఆ మాట కూడా పాపతో అన్నాను. తిరుగు లాంచీ అంతా దానిమీదే వాదన.

అరకు వెళ్లేవాళ్లకీ ఇదే చెప్తాను. కొత్తవలస-కిరండూల్ మార్గంలో రైలు వరసగా సొరంగాల్లో దూరుతుంటే పిల్లలు అరుస్తారు, అరవనివ్వండి. కానీ బొర్రాలో దిగాక గుహల్లోని రాతి ఆకారాల దగ్గరే ఆగిపోకండి. ఆ బొర్రా ప్రాంతపు గనుల లీజులతోనే సమత కేసు మొదలైంది. 1997లో సుప్రీంకోర్టు షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గిరిజనేతరులకీ ప్రైవేటు కంపెనీలకీ గనుల లీజులు చెల్లవన్నది. డిగ్రీ చదవబోయే పిల్లలకి ఈ మాట తెలియకుండా అరకు కాఫీ వాసన చూపించి తెచ్చేస్తే ఎలా? సాయంత్రం రిసార్టు మంట చుట్టూ థింసా ఆడే ఆదివాసీ స్త్రీలకి అది విహారం కాదు, పని. వాళ్ల చేతులు పట్టుకుని మధ్యలో దూరి ఫొటోలు దిగే ముందు, ఆ రాత్రికి వాళ్లకి ఎంత ఇస్తున్నారో మన పిల్లలు అడగగలగాలి. మన సెలవులు ఇంకో ఆడమనిషి చాకిరీ మీద నడుస్తున్నాయన్నది ఇంట్లోనే కాదు, కొండమీద కూడా కనిపించాలి.

ఇక్కడ నాకు బాగా మండే విషయం ఒకటుంది. హైదరాబాదుకి గంటన్నర దూరంలో భువనగిరి కొండ. ఆ రాతి మీద ఎక్కడం నేర్చుకున్న మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే ఎవరెస్టు ఎక్కింది. నిజామాబాద్ జిల్లా పాకాలకి చెందిన లంబాడా పిల్ల, వ్యవసాయ కూలీల బిడ్డ, సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని. ఆమెతో ఎక్కిన ఆనంద్ కుమార్ కూడా గురుకులంలో చదివినవాడే. ప్రభుత్వ హాస్టలు ఒక ఆదివాసీ బాలిక నడుముకి తాడు కట్టి ఎక్కు అనగలిగింది. మన మధ్యతరగతి అగ్రకుల ఇళ్లు తమ ఆడపిల్లని అదే కొండకి పంపడానికి "నల్లబడతావు, గీసుకుపోతే మచ్చపడుతుంది, పెళ్లి..." అంటాయి. సంరక్షణ పేరుతో మనం కాపాడుతున్నది పిల్లని కాదు, పెళ్లి మార్కెట్టులో పిల్ల ధరని.

భద్రతో? అని తప్పకుండా అడుగుతారు. అడగాలి కూడా. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పాపికొండల బోటు మునిగినప్పటి భయం నాకూ ఉంది. అలాంటి భయానికి లైఫ్ జాకెట్టు వేసుకోవడం, ఎక్కువమందిని ఎక్కించిన బోటు ఎక్కననడం జవాబు. ఈత నేర్పడం జవాబు. అది కొడుకుకీ కూతురికీ ఒకటే. ఆడపిల్లకి మాత్రం మనం ఇచ్చే జవాబు ఇల్లు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మార్కెట్టుకీ, ఆస్పత్రికీ, ఊరి బయటికీ మూడింటికీ ఒంటరిగా వెళ్లనిస్తారని చెప్పిన స్త్రీలు దేశం మొత్తంమీద 42 శాతమే. పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల వయసువాళ్లని అడిగారు. అంటే పదిహేడేళ్లకి పంపనివాళ్లం నలభైకి కూడా పంపడం లేదు.

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి ఆర్టీసీ ప్రయాణం ఉచితమైంది. ఆ మర్నాటి నుంచే జోకులు మొదలయ్యాయి. పనీపాటా లేక తిరుగుతున్నారనీ, బస్సులో కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్నారనీ. నలుగురు మగవాళ్లు పనీపాటా లేక ఊరు తిరిగితే అది యాత్రాసాహిత్యం అవుతుంది! పనీపాటా లేకుండా తిరగడమే కదా సెలవంటే. ఆధార్ కార్డు చూపించి జీరో టిక్కెట్టు తీసుకుని, ఎక్స్‌ప్రెస్ బస్సులో తల్లీకూతుళ్లు పొద్దున వెళ్లి సాయంత్రానికి రాగల ఊళ్లు ప్రతి జిల్లాలో ఉన్నాయి. లేనిది బస్టాండులో వాడదగిన మరుగుదొడ్డి. ఉన్నచోట తలుపుకి గడియ ఉండదు, గడియ ఉంటే నీళ్లుండవు. ప్రయాణమంటే పొద్దుట్నుంచి నీళ్లు తాగకుండా ఉండటమని మా అమ్మ నేర్చుకుంది, నేను నేర్చుకున్నాను. నాగార్జునసాగర్ బస్సు దిగాక పాప ఆర్టీసీ ఫిర్యాదుల పుస్తకం అడిగింది. లేదన్నారు. తెల్లకాగితం మీద రాసిచ్చి, ముట్టినట్టు సంతకం పెట్టమని పది నిమిషాలు అక్కడే నిలబడింది. బాబు సంచులు మోస్తూ ఎండలో ఎదురుచూశాడు.