అధ్యాపన విరామం – విద్యా విరామమా?

విద్య నాలుగు విధాల ఉపయుక్తమవుతుందని పతంజలి మహర్షి మహాభాష్యంలోని పస్పశాహ్నికంలో ప్రతిపాదించినారు. గురువు వద్ద గ్రహించుట, స్వయంగా ఆవృత్తి చేయుట, ఇతరులకు బోధించుట, వ్యవహారంలో వినియోగించుట అనేవి ఆ నాలుగు. వీటిలో బోధన ఒకటి మాత్రమే. సంతాన పోషణ, వృద్ధుల సేవ, అనారోగ్యం వంటి కారణాల వలన కొన్నేండ్లు తరగతికి దూరమైన భాషాపండితులను విద్యకే దూరమైనవారుగా ఎంచుట ఈ వివేచనకు విరుద్ధం.

విరామం తీసుకొనువారిలో స్త్రీలే అధికులు. ప్రసూతి ప్రయోజన చట్టాన్ని 2017లో సవరించి, మొదటి ఇద్దరు బిడ్డల విషయంలో సెలవును 12 వారాల నుండి 26 వారాలకు పెంచినారు. కేంద్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగులకు 2008 నుండి 730 రోజుల శిశు సంరక్షణ సెలవు కలదు. కాని ప్రైవేటు విద్యాసంస్థలో రాజీనామా చేసి వెళ్ళిన అధ్యాపకురాలికి ఈ రక్షణలు అందవు. ఆమె తిరిగి వచ్చినప్పుడు పూర్వానుభవాన్ని లెక్కింపక తొలి మెట్టు వేతనమే ఇచ్చుట న్యాయం కాదు. ఉపాధ్యాయ అర్హత పరీక్ష పత్రానికి ఏడేండ్లుగా ఉన్న గడువును తొలగించి, 2011 నుండి వర్తించేటట్లు 2021లో యావజ్జీవం చేసినారు. అర్హత కాలంతో నశించదని ప్రభుత్వమే అంగీకరించినప్పుడు సంస్థలు సందేహించుట తగదు.

అయితే సన్నాహం అక్కరలేదని దీని భావం కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2011 నాటి విద్యా ప్రణాళికా పరిధి పత్రం తరువాత పాఠ్యపుస్తకాలు మారినవి. తెలంగాణలో 2018 నాటి చట్టం తెలుగును పాఠశాలల్లో తప్పనిసరి చేయగా, ఇంట తెలుగు వినని బాలురూ తరగతిలో చేరినారు. సవర్ణదీర్ఘ సంధి సూత్రం నేటికీ అదే. కాని ‘కవీంద్రుడు’ అనే పదాన్ని విడదీసి చూపి, విద్యార్థి చేతనే సూత్రాన్ని చెప్పించు నేర్పు అభ్యాసం లేనిదే నిలువదు.

కావున తిరిగి వచ్చిన వారిని తొలి రెండు వారాలు సహాధ్యాపకుల తరగతులలో కూర్చుండనిచ్చి, మొదటి అర్ధసంవత్సరం బోధనా భారాన్ని తగ్గించుట ఉచితం. ఇందుకు సంస్థకు పెద్దగా వ్యయం కాదు. తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లి ప్రతి ధర్మంతోనూ స్వాధ్యాయ ప్రవచనాలను జంటగా చెప్పినది. స్వాధ్యాయాన్ని నిలుపుకొని వచ్చిన వారికి ప్రవచనావకాశం కల్పించుట ప్రాచ్య కళాశాలల ప్రథమ కర్తవ్యం.