సెల్లు మూగబోయిన రాత్రి పలికేదెవరు?

ఏ ఊళ్లోనైనా హ్యామ్ రేడియో క్లబ్బు సమావేశానికి మొదటిసారి వెళ్లినవాళ్లకు నవ్వొస్తుంది. పది పన్నెండు మంది చేరతారు. ఒకరు బ్యాంకు ఉద్యోగి, ఒకరు రిటైరైన లెక్చరర్, ఇంకొకరు టీవీ మెకానిక్, ఇద్దరు ముగ్గురు ఇంజినీరింగ్ కుర్రాళ్లు. మధ్యలో బల్ల మీద విప్పేసిన సెట్టు, చుట్ట చుట్టిన రాగి తీగ, ఎక్కడెక్కడి హ్యాములో పంపిన కార్డులు. యాంటెన్నా ఎత్తు మీద గంటసేపు వాదన. టీ తాగి ఎవరి దారిన వాళ్లు పోతారు. మళ్లీ ఆదివారం పొద్దున్నే సెట్ల ముందు కూర్చుంటారు. ఒకరు హాజరు పిలుస్తుంటే మిగతావాళ్లు కాల్ సైన్ చెప్పి, మాట ఎలా వినిపిస్తోందో చెబుతారు. వారం వారం అదే తంతు.

"సెల్లు చేతిలో ఉండగా ఈ డబ్బాలెందుకు గురూ?" అని అడగనివాడు ఉండడు. పైకి చూస్తే సబబైన ప్రశ్నే. జవాబు మాత్రం గంజాం తీరంలో ఉన్నవాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

1999 అక్టోబరు 17న గోపాలపురం దగ్గర ఒక తుపాను తీరం దాటింది. బరంపురం ఇంకా తేరుకోకముందే, అదే నెల 29న పారాదీప్ వైపు సూపర్ సైక్లోన్ విరుచుకుపడింది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ మళ్లీ గోపాలపురం దగ్గరే తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి, అదే తేదీన, హుద్‌హుద్ విశాఖను ఊపేసింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరాన్ని తాకి ఉద్దానం తోటల్ని నేలమట్టం చేసింది. అవతల గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి జనం చనిపోయారు. 2019 మే 3న ఫణి పూరీని దెబ్బతీసింది. పెంఠకట బస్తీలో ఉండేది చాలావరకు మన తెలుగు బెస్తవాళ్లే. అక్కడ కరెంటూ ఫోనూ రోజుల తరబడి లేవు.

ఈ తుపాన్లలో గాలి తగ్గాక వచ్చే మొదటి కష్టం ఒకటే. ఎవరు బతికున్నారో, ఎవరికి ఏం కావాలో చెప్పే దారి ఉండదు. టవరు నిలబడినా దానికి కరెంటు రాదు. జనరేటరు ఉన్నా డీజిలు తెచ్చే రోడ్డు మీద చెట్లు పడి ఉంటాయి.

సరదాయే సాధన

హ్యాము చేతిలో పెద్ద యంత్రమేమీ ఉండదు. కారు బ్యాటరీతో నడిచే ఓ సెట్టు, సుమారు 20 మీటర్ల తీగ చాలు. 7 మెగాహెర్ట్జ్ మీద పంపిన మాట పైకి వెళ్లి, ఆకాశంలోని అయనోస్ఫియర్ పొరను తాకి కిందికి దిగుతుంది. తీగను మరీ ఎత్తున కట్టకపోతే పగటిపూట మూడు నాలుగు వందల కిలోమీటర్ల లోపల ఉన్నవాళ్లకు అది చక్కగా అందుతుంది. మధ్యలో టవరు అక్కర్లేదు, ఎక్స్ఛేంజీ అక్కర్లేదు. కొబ్బరిచెట్టు కూలిపోతే రెండు వెదురు గెడలు పాతి తీగ కట్టుకోవచ్చు. ఊళ్లో ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి చేతిలో పట్టే చిన్న సెట్లుంటాయి. అవి నాలుగైదు కిలోమీటర్లు పలుకుతాయి. కొండ మీద రిపీటరు పెడితే ఇంకా చాలా దూరం వెళ్తాయి.

సామాను ఉన్నంత మాత్రాన సరిపోదు. ఏ వేళకు ఏ బ్యాండు పలుకుతుంది, గరగర శబ్దంలో పేర్లూ అంకెలూ తప్పు లేకుండా ఎలా రాసుకోవాలి, పదిమంది ఒకేసారి మాట్లాడబోతే ఎవరు ముందు, ఎవరు వెనుక? ఇవి తుపాను రాత్రి నేర్చుకునే విద్యలు కావు. నవ్వు తెప్పించే ఆ ఆదివారం హాజరే వీటికి బడి. ఎవరి బ్యాటరీ బలహీనంగా ఉందో, ఎవరి తీగ తెగిందో అక్కడే బయటపడుతుంది.

2004 సంగతి గుర్తు చేసుకోవాలి. హైదరాబాద్‌లో 1983లో మొదలైన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతి ప్రసాద్ బృందం ఆ డిసెంబరులో పోర్ట్ బ్లెయిర్ వెళ్లింది. ప్రపంచంలోని హ్యాములు అండమాన్‌తో మాట్లాడాలని ఉబలాటపడుతున్న రోజులవి. వాళ్లతో మాట్లాడటమే ఆమె పని. అంటే పూర్తిగా సరదా వ్యవహారం. 26 ఉదయం సునామీ వచ్చింది. సరదా కోసం కట్టిన యాంటెన్నాయే దీవుల్లోని వాళ్ల క్షేమ సమాచారం బయటికి పంపే దారి అయింది. ముందురోజు దాకా కాలక్షేపం అనుకున్నది మర్నాటికి అక్కరకొచ్చింది.

సైరన్ చెబుతుంది, వినదు

సర్కారు ఏమీ చేయలేదనడం అన్యాయం. ఫైలిన్‌కు ముందు ఒడిశా ప్రభుత్వం దాదాపు పది లక్షల మందిని ఇళ్లు ఖాళీ చేయించి కాపాడింది. తుపాను షెల్టర్లు కట్టింది, తీరం వెంట సైరన్ స్తంభాలు నిలబెట్టింది. పోలీసులకు వైర్‌లెస్ ఉంది, అధికారులకు శాటిలైట్ ఫోన్లు ఉన్నాయి. కాదనలేం.

కానీ సైరన్ చెబుతుందే గాని వినదు. షెల్టరులో పురుడు వస్తున్న మనిషి ఉందని అది కలెక్టరాఫీసుకు చెప్పలేదు. శాటిలైట్ ఫోను జిల్లా కేంద్రంలో ఉంటుంది, నీళ్లు మునిగిన బెస్తపల్లెలో కాదు. పోలీసు వైర్‌లెస్ పోలీసుల మాటలకే చాలదు.

సరిహద్దుకు ఇంకో చిక్కుంది. గోపాలపురం ఒడ్డున వల లాగేవాళ్లను ఒడియావాళ్లు నోలియాలు అంటారు. వాళ్ల ఇంటి భాష తెలుగు, ఆఫీసు భాష ఒడియా. గంజాం 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. ఆ తర్వాత గీత గీశారు. తుపానుకు ఆ గీత తెలియదు. నదికీ తెలియదు. బాహుదా ఒడిశా కొండల్లో పుట్టి ఇచ్ఛాపురం పక్కగా సముద్రంలో కలుస్తుంది. పైన కుండపోత పడుతోందన్న కబురు కింద ఊరికి రావాలంటే ఒక రాష్ట్రం కంట్రోలు రూము నుంచి ఇంకో రాష్ట్రం కంట్రోలు రూముకు, అక్కడి నుంచి జిల్లాకు, మండలానికి దిగి రావాలి. ఎగువన ఒక హ్యాము, ఇచ్ఛాపురంలో ఒక హ్యాము ఉంటే ఆ కబురు నిమిషాల్లో చేరుతుంది. ఇద్దరికీ రెండు భాషలూ వస్తే ఇక పొరపాటుకు తావే ఉండదు. అలాంటి మనుషులకు ఈ సరిహద్దులో కొదవా? ఇక్కడ కిరాణా కొట్టు కుర్రాడు కూడా రెండు భాషల్లో బేరమాడతాడు.

ఏం చేయాలి?

బరంపురం, గోపాలపురం, పర్లాకిమిడి, ఇచ్ఛాపురం, ఈ నాలుగూ కలిసి ఒక క్లబ్బుగా నడవాలి. బరంపురానికీ ఇచ్ఛాపురానికీ మధ్య దూరం పాతిక కిలోమీటర్లే. ఏదో ఒక కాలేజీ గది ఇస్తే చాలు. పరీక్షకు పన్నెండేళ్లు నిండిన పిల్లలు కూడా కూర్చోవచ్చు. పాఠం ఇంగ్లీషులో ఉన్నా వివరించేది తెలుగులో, ఒడియాలో ఉండాలి. ఖరీదైన సెట్లే కావాలని కూడా లేదు. హైదరాబాద్ హ్యాము అష్హర్ ఫర్హాన్ రూపొందించిన బిట్‌ఎక్స్ సెట్టును చవకగా దొరికే విడిభాగాలతో ఎన్నో దేశాలవాళ్లు తయారు చేసుకున్నారు. మన పాలిటెక్నిక్ పిల్లలకు చేతకాదా?

జిల్లా యంత్రాంగాలు చేయాల్సిందీ పెద్దదేం కాదు. లైసెన్సు ఉన్నవాళ్ల జాబితా దగ్గర పెట్టుకోవాలి. మే నెల ముందు ఒకసారి, అక్టోబరు ముందు ఒకసారి కరెంటు తీసేసి, సెల్లులు పక్కనపెట్టి, షెల్టరు నుంచి కలెక్టరేటుకు కబురు పంపించి చూడాలి. పరీక్ష పాసై లైసెన్సు కోసం నెలల తరబడి ఎదురుచూసే కుర్రాడికి ఉత్సాహం ఎన్నాళ్లు నిలుస్తుంది? ఆ ఫైలు త్వరగా కదిలేలా కేంద్రానికి రాయాలి. లైసెన్సు లేకుండా సెట్టు వాడటం నేరం కాబట్టి, దారి సులువు చేయకపోతే సాయం చేయాలనుకున్నవాడు కూడా వెనక్కి తగ్గుతాడు.

క్లబ్బులవాళ్లకూ ఓ మాట చెప్పాలి. ఏసీ గదిలో ఇంగ్లీషులో మాట్లాడుకుంటూ, కార్డులు చూపించుకుంటూ కూర్చుంటే బెస్తపల్లెకు ఒరిగేదేం లేదు. నెలకో సమావేశం గోపాలపురం ఇసుకలో పెట్టండి. పడవవాళ్ల పిల్లల చేతికి మైకు ఇవ్వండి. ఆడపిల్లల్ని పిలవండి. గాలిని చూసి వాన చెప్పగలిగినవాడికి తరంగం సంగతి బోధపడటం ఎంతసేపు?

అక్టోబరు ఏటా వస్తుంది, దానితో తుపాను భయమూ వస్తుంది. ఈలోగా ఆ నాలుగు ఊళ్లలో ఆదివారం పొద్దున హాజరు పలికే గొంతులు పాతికైనా తయారైతే, చీకటి రాత్రి షెల్టరులో కూర్చున్నవాళ్ల మాట వినేవాళ్లు ఉంటారు.