వినే పెద్దలు కావాలి

కమలాపురం ప్రాంతానికి కరువు కొత్త కాదు. పక్కనే పాపాఘ్ని ఉన్నా మెట్ట రైతు ఏటా ఆకాశం వంకే చూస్తాడు. సేద్యం గిట్టక కొందరు నాపరాతి గనులకు, కొందరు కువైట్‌కు పోతున్నారు. తండ్రి పరదేశంలో, తల్లి కూలి పనిలో ఉన్న ఇళ్లలో ఎదిగే పిల్లలు ఒంటరివారవుతున్నారు. వారికి తిండి, బట్ట, ఫీజు ఎలాగో అందుతున్నాయి. వారి మాట వినే మనిషి మాత్రం కరువయ్యాడు.

పరీక్ష తప్పిన పిల్లవాడికి, చదువు ముగిసి పని దొరకని కుర్రవాడికి పెద్దలు మొదట సలహా చెబుతారు. తరువాత మందలిస్తారు. చివరకు పక్కింటి పిల్లలతో పోలుస్తారు. 'నీ మనసులో ఏముంది నాయనా?' అని అడిగేవారు అరుదు. 2019లో తెలంగాణలో ఇంటర్ ఫలితాలు వెలువడిన తరువాత ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నట్లు జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్క. ఒక్కొక్క మరణానికి కారణాలు అనేకం ఉండవచ్చు. అయినా బాధ చెప్పుకునే చోటు ఉంటే కొందరైనా నిలిచేవారని అనుకోవడంలో తప్పు లేదు.

సీమ పల్లెలకు మరొక చేదు అనుభవమూ ఉంది. ముఠాకక్షలు ముదిరిన రోజుల్లో నాయకుల వెంట తిరిగిన కుర్రవాళ్లు ఎందరో. 'వీడు మావాడు' అని భుజం తట్టే చేయి వారికి అక్కడ దొరికింది. ఆ ఆదరణకు వారి కుటుంబాలు చెల్లించిన మూల్యం ఈ జిల్లాకు వేరే చెప్పనక్కరలేదు.

ఆఫ్రికాలోని జింబాబ్వేలో మానసిక వైద్యులు బహు కొద్దిమంది. అక్కడ 2006లో డిక్సన్ చిబాండా అనే వైద్యుడు హరారే నగరంలో 14 మంది అవ్వలకు శిక్షణ ఇచ్చి, ఆసుపత్రి ఆవరణలో బెంచీలపై కూర్చోబెట్టాడు. బాధతో వచ్చినవారు చెప్పేదంతా అవ్వ వింటుంది. చిక్కుల్లో ముందు దేన్ని విప్పాలో, ఎలా విప్పాలో వచ్చినవారి చేతనే చెప్పిస్తుంది. కోలుకున్నవారు తరువాత గుంపుగా కూర్చుని సంచులు అల్లుకుంటూ ఒకరికొకరు తోడవుతారు. ఈ పద్ధతితో దిగులు బాగా తగ్గిందని 2016లో వెలువడిన పరిశోధన నిరూపించింది.

మనకు బెంచీలు కొననవసరం లేదు. వేపచెట్టు కింద రచ్చబండ ఉంది. అయితే అక్కడ తగవులు, రాజకీయాలు తప్ప పిల్లల గోడు వినిపించదు. వారానికి ఒక సాయంత్రం ఊళ్లో నమ్మకస్తులైన ఇద్దరు ముగ్గురు పెద్దలు ఇందుకు కేటాయించాలి. రిటైరైన పంతులు కావచ్చు, నోరు జారని అవ్వ కావచ్చు. ఆడపిల్లల కోసం ఒక ఇంటి వసారాలో అంగన్‌వాడీ కార్యకర్త వంటి స్త్రీలు కూర్చోవాలి. నియమాలు మూడే: మధ్యలో అడ్డు తగలరాదు, ఇతరులతో పోల్చరాదు, విన్నది బయట పెట్టరాదు. చావు మాట ఎత్తిన వారిని మాత్రం ఒంటరిగా వదలక వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ టెలి మానస్ సేవకు 14416 నంబరుపై రాత్రింబవళ్లు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడవచ్చు.

విని ఊరుకుంటే చాలదు. కుర్రవాడికి ఊళ్లో ఒక స్థానం కూడా కల్పించాలి. జాతరలో, దర్గా ఉరుసులో బరువులు మోయడానికే అతన్ని పిలవడం మాని, లెక్కలూ ఏర్పాట్లూ అప్పగించాలి. గ్రంథాలయం తాళం చెవి, చెరువుకట్ట పని అతని చేతికివ్వాలి. తప్పు చేస్తే సరిదిద్దాలి గాని పని లాక్కోరాదు. తన అవసరం ఊరికి ఉందని తెలిసినవాడు ఊరిని అంత తేలికగా విడిచిపెట్టడు.

ఇందుకు నిధులూ ఉత్తర్వులూ అక్కరలేదు. పంచాయతీ పెద్దలు, ఉపాధ్యాయులు పూనుకుంటే వచ్చే వారమే మొదలు పెట్టవచ్చు. వాన కురవడం మన చేతిలో లేదు. పిల్లల మాట వినడం మన చేతిలోనే ఉంది.